జహరాబీకి కనపడని బిళ్ళలు

జూన్ 12, గురువారం

పక్క మంచం మారింది. ఇదివరకు అక్కడ ఉండే కంభం ముసలాయన ఇక రాడట. ఎందుకని నేను అడగలేదు, రోజీ సిస్టర్ చెప్పలేదు.

ఇవాళ ఆ మంచం మీద ఒక సాయిబుల పెద్దామె. పేరు జహరాబీ. మార్కాపురంలోనే గాజుల దుకాణమట. వచ్చిన దగ్గర్నుంచీ ఫోనులో ఏదో ఆట. టింగు, టింగు, టింగు. డయాలసిస్ అంటే నాలుగు గంటలు మిషన్‌కు కట్టేసినట్టు పడి ఉండడం, దానికి తోడు ఈ గోల. మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

"అమ్మాయ్, నా కండ్లు షుగర్ తినేసింది. ఇంకో నిమ్మకాయ బొమ్మ యాడుందో కొంచెం చూసి చెప్పు" అంది.

నిద్రపోతున్నట్టు నటించాను. అమ్మాయట. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పి చెప్పి గొంతు అరిగిన ముప్పై తొమ్మిదేళ్ళదాన్ని.

జూన్ 16, సోమవారం

ఈసారి కూడా అదే అడుగుడు. పలకలేదు. నా మంచానికీ ఆమె మంచానికీ మధ్య జానెడు ఖాళీ. ఫోను బొజ్జ మీద నిలబెట్టుకుని ఆడుతుంటే తల తిప్పితే చాలు, అంతా కనపడుతుంది. నిమ్మకాయ అనుకుని మామిడిపండును నొక్కబోయింది.

"అది మామిడిపండు" అన్నాను, ఉండబట్టలేక. అంతే, దొరికిపోయాను.

"అట్లనా బిడ్డా. మరి నిమ్మకాయ?"

"పైన, పువ్వు పక్కన."

"పువ్వు యాడుంది?"

ఇక నాలుగు గంటలూ ఇదే సరిపోయింది. ఆట పెద్ద విశేషమేమీ కాదు. బొమ్మల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నొక్కిన బిళ్ళ కిందకు వచ్చి గడిలో కూర్చుంటుంది. ఒకే బొమ్మవి మూడు కలిస్తే మాయమైపోతాయి. గళ్ళు ఏడే. ఏడూ నిండితే ఆట పోయినట్టే. మా అంగన్‌వాడీలో నాలుగేళ్ళ పిల్లలకు పెట్టే ఆట ఇంతకన్నా కష్టంగా ఉంటుంది.

ఓడిపోయాం. ఆమె వల్లే.

జూన్ 19, గురువారం

శ్రావణం దాటేదాకా చూస్తాను. తర్వాత డయాలసిస్‌కు మార్కాపురం పోను. పోకపోతే ఏమవుతుందో డాక్టరు దాచకుండా చెప్పారు, రెండు వారాలు గడవడం కూడా కష్టమని. తెలిసే రాస్తున్నాను. మా ఆయన సతీష్‌కు చెప్పలేదు. అత్తకు చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటే చెప్పినట్టే.

సతీష్ బస్సు దగ్గర అడిగాడు, ఎట్లుంది అని. బాగుంది అన్నాను.

జూన్ 26, గురువారం

జహరాబీ చిన్నమ్మ (ఆమె అట్లా పిలవమంది, పిలిస్తే పోయేదేముంది) ఆడే పద్ధతి ఘోరం. కనపడిన బిళ్ళనల్లా నొక్కేస్తుంది. గళ్ళలో ఐదు రకాలు ఐదు దిక్కులు చూస్తూ కూర్చుంటాయి, ఆరోది వచ్చి పడుతుంది, ఇక అయిపోయె. ఇవాళ గట్టిగానే చెప్పాను, పిల్లలకు చెప్పినట్టు.

"చిన్నమ్మా, ముందు చెయ్యి వెనక్కి తియ్యి. మొత్తం ఒకసారి చూడు. ఒకే బొమ్మవి మూడూ పైకి కనపడితేనే నొక్కు."

"నాకు కనపడితే కదమ్మా."

"నేను చూస్తా కదా, నేను చెప్పినాకే నొక్కు."

"సరే టీచరమ్మా" అని చేతులు కట్టుకోబోయింది. సూదులున్న చెయ్యి. రోజీ సిస్టర్ కసిరింది, ఇద్దరినీ కలిపి. చాలా రోజుల తర్వాత ఎవరో నన్ను టీచరమ్మ అన్నారు.

జూలై 3, గురువారం

ఇవి నా కోసం రాసుకుంటున్నాను. మర్చిపోకుండా ఉండడానికే తప్ప ఆట మీద మోజుతో కాదు.

అంచుల్లో విడివిడిగా పడి ఉండే బిళ్ళల జోలికి ముందే పోకూడదు. అవి ఎక్కడికీ పారిపోవు. ఎత్తుగా పేర్చిన కుప్ప ఎక్కడుందో చూసి ముందు దాన్ని దించాలి, లోపల ఏముందో తెలియాలి కాబట్టి. రెండు దారులున్నప్పుడు, ఏది తీస్తే కింద ఎక్కువ తెరుచుకుంటాయో దాన్నే తీయాలి. గళ్ళలో జతలు రెండుంటే ఫరవాలేదు, మూడో జత చేరిందంటే ఒక్క గడే మిగులుతుంది, అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. నాలుగు నిండగానే ఆగి ఊపిరి పీల్చుకోవాలి.

వెనక్కి తీసుకునే బటన్ ఒకటుంది. లెవెల్‌కు ఒక్కసారే పనిచేస్తుంది. చిన్నమ్మ దాన్ని మొదట్లోనే వాడేసి తర్వాత నెత్తి కొట్టుకుంటుంది. దాచుకోవాలి. బిళ్ళలన్నీ కలిపేసే బటన్ కూడా అంతే.

ఇంకొకటి, నేను కనిపెట్టిందే. ఎంతకీ కుదరకపోతే ఫోను మూసేయాలి. మళ్ళీ వచ్చినప్పుడు తెరిస్తే, అదే బల్ల మీద అవే బొమ్మలు వేరేగా కనపడతాయి. మొన్న సోమవారం గంట సేపు కొట్టుకున్నది ఇవాళ చూస్తూ చూస్తూనే అయిపోయింది.

ఇవాళ లెవెల్ 61.

జూలై 7, సోమవారం

64. ఎడమచెయ్యి చెవికి ఆనించుకుంటే లోపల రక్తం గుర్రుమని బాగా వినపడింది.

జూలై 14, సోమవారం

చిన్నమ్మ మాటల్లో ఆమె సంగతులు కొన్ని తెలిశాయి. పెండ్లయి వచ్చిన ఏడాది నుంచే గాజులు తొడిగేదట. చెయ్యి పట్టుకుంటే చాలు, కొలత తెలిసిపోయేదట. ఇప్పుడు కోడలు అర్షియా కూర్చుంటోంది దుకాణంలో.

"నీ చెయ్యి ఇయ్యి" అని నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు దగ్గరకు నొక్కి కొలత చెప్పింది. నిజమే, అదే నా కొలత. ఎడమచెయ్యి మాత్రం ముట్టుకోలేదు. డయాలసిస్ సూదులు గుచ్చడానికని మణికట్టు పైన ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి అది. ఆ గుర్రుమనే చప్పుడు దానిదే. ఆ చప్పుడు ఉన్నంతకాలమే చెయ్యి పనికొస్తుంది.

"ఈ చేతికి దారం పోగు కూడా కట్టనియ్యబాక" అంది. "గాజులమ్ముకునేదాన్ని నేనే చెప్తున్నా, విను."

తనది కూడా బోడి చెయ్యే. చెయ్యి చూసుకుంటూ నవ్వింది. నాకు ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు, ఫోను చూశాను.

జూలై 21, సోమవారం

వాన. మా ఊరి దారంతా బురద. బండి జారుతుందని సతీష్ దిగి, నన్ను కూర్చోబెట్టి తోసుకుంటూ బస్సు దాకా తెచ్చాడు. చెప్పులు చేతిలో పట్టుకున్నది నేను. కండక్టర్ డ్రైవర్ వెనక సీటు నా కోసం ఆపి ఉంచాడు, ఎప్పటిలాగే. నీళ్ళు లెక్కగా తాగాలి కదా, దాహం తీరని నాకు రోజీ సిస్టర్ గుప్పెట్లో దాచి ఒక ఐసు ముక్క తెచ్చింది. నోట్లో వేసుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతమంది నన్ను మోస్తున్నారు. మొన్నటిదాకా ఆ మాట గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇవాళ వాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఏదో మార్పు. వాన వల్ల కావచ్చు.

లెవెల్ 97. నా ఫోనులో కూడా వేసుకుందామా అనుకుని చిన్నమ్మకు చెప్పాను.

"వద్దులే. ఇద్దరికీ కలిసి ఒకటే ఆట. నువ్వు ఇంటికాడ ఆడుకుంటే నాకెవరు చెప్తారు?"

అదీ నిజమే. పాపం ఆమెకు కళ్ళు లేవు. నేను పోకపోతే ఆ ఆట అక్కడే ఆగిపోతుంది.

జూలై 31, గురువారం

శ్రావణం వచ్చేసింది. దాని గురించి తర్వాత రాస్తాను.

108.

ఆగస్టు 10, ఆదివారం

గిద్దలూరు పోయి వచ్చాం. మా ఆడబిడ్డ కూతురు సునీతకు సీమంతం. సునీత చక్కగా ఉంది, మొహం నిండుగా. అత్త గురమ్మ మనవరాలిని చూసి మురిసిపోయింది.

వరసగా ముత్తయిదువులందరికీ రెండు చేతులా గాజులు తొడుగుతున్నారు. నా దగ్గరకు వచ్చారు. కుడిచెయ్యి ఇచ్చాను. ఎడమది కొంగు కింద పెట్టుకున్నాను. తొడిగే ఆమె ఆగింది. అందరూ ఆగారు.

"ఒక్క చేతికేంది? ఇంకోటి కూడా ఇయ్యి" అంది.

పిల్లల్లేనిదాన్ని. కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా ఒక చెయ్యి బోడిగా పెట్టుకుని కూర్చుంటే ఏమనుకుంటారో నాకు తెలుసు. ఎవరూ నోరు తెరిచి అనరు. సునీతే నా వైపు చూస్తోంది, భయంగా. అత్త మెల్లగా అంది, "ఒక్క గంట ఉంచుకోని తీసెయ్యి తల్లీ."

ఇచ్చాను. గాజులు బిగుతుగా ఎక్కాయి. ఒక గంట అన్నారు, భోజనాలు, ఫోటోలు, బస్సు. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని దాని కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయాను. కంభం దాటింది కూడా తెలియలేదు.

ఇంటికొచ్చి సబ్బు రాసి తీశాను. చెయ్యి కొంచెం వాచింది. పొద్దుటికి తగ్గిపోతుంది.

ఆగస్టు 11, సోమవారం

చప్పుడు లేదు.

ఆగస్టు 15, శుక్రవారం

ఒంగోలులో నాలుగు రోజులు. ఎడమ చేతిలో రక్తం గడ్డకట్టింది, ఆ చెయ్యి ఇక పనికిరాదు. మెడ దగ్గర గొట్టం పెట్టారు. దాని గుండా నిన్న డయాలసిస్ చేశారు. కుడి చేతికి మళ్ళీ ఆపరేషన్, అది కుదురుకోవడానికి రెండు నెలలు.

ఎవరినీ అనడానికి లేదు. నా చెయ్యి, నేనే ఇచ్చాను.

అత్త వచ్చిన దగ్గర్నుంచీ అన్నం తినలేదు. నా మంచం కాళ్ళ దగ్గర కూర్చుని చీర కుచ్చెళ్ళు సర్దుతూ ఉంది. నేను తిడితే ఆమెకు హాయిగా ఉండేదేమో.

ఆగస్టు 18, సోమవారం

పోలేదు. సతీష్ బండి తీసి నిలబడ్డాడు, నేను లేవలేదు. బస్సు హారన్ కొట్టింది, ఆగింది, మళ్ళీ కొట్టింది, పోయింది.

శ్రావణం దాటేదాకా అనుకున్నాను కదా, ఇంక నాలుగైదు రోజులే మిగిలింది.

సతీష్ బతిమాలాడు. తర్వాత అరిచాడు. తర్వాత దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు. మేతకు తోలక గొర్రెలు అరుస్తున్నాయి.

ఆగస్టు 19, మంగళవారం

పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు, గోడకు ఆనుకుని కూర్చుని రాస్తున్నాను. మెడకు గొట్టం పెట్టుకుని ఇంకో రెండు నెలలు, మళ్ళీ కొత్త చెయ్యి, మళ్ళీ సూదులు. చాలు నాకు. నిజంగానే చాలు.

లెవెల్ 114 దగ్గర ఆగింది ఆట. పెద్ద కుప్ప నడిమధ్యన ఉంది. దాన్ని పైనుంచి కాకుండా పక్కనుంచి విప్పాలి. ఇది చిన్నమ్మకు తట్టదు.

ఆగస్టు 20, బుధవారం

మా ఊరి పేరు రోజీ సిస్టర్‌ను అడిగి తెలుసుకుని, మధ్యాహ్నం బస్సుకు జహరాబీ చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. ఒక్కతే.

అత్తకు మొదట ఎవరో తెలియలేదు. "పార్వతి ఇల్లు ఇదేనా వదినా?" అంటూ లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, నా మంచం మీదే కూర్చుంది. మజ్జిగ ఇస్తే వద్దంది, నా గ్లాసు చూపించి నాకు కూడా ఇవ్వొద్దంది. మెడ దగ్గర కట్టు చూసి, "ఈ అంచు లేచింది, తడి తగలనియ్యబాకండి" అని అత్తకు చూపించింది. గోరంత లేచింది, అంతే. ఇంట్లో మేమెవరమూ చూడలేదు.

అత్త ఏడ్చింది అప్పుడు. "నా నోటితో నేనే చెప్తి వదినా, ఒక్క గంట ఉంచుకోమని."

"ఆ చోట కూర్చోని ఉంటే నేనైనా ఇస్తును చెయ్యి" అంది చిన్నమ్మ. "గాజులకు చెయ్యి చాపితే కాదనే ఆడది నాకు ఇంతవరకు కనపడలే. ఏడవబాక. లేచి ఇంత తిను."

అత్త లేచి తినింది. ఇన్ని రోజులుగా మేమెంత చెప్పినా వినలేదు.

నన్ను రమ్మని ఒక్క మాట అడుగుతుందేమో అని చూశాను. అడిగితే రానని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడగలేదు. మా గొర్రెలు చూసింది, మా గోడ మీద అంగన్‌వాడీ పిల్లల ఫోటో చూసి ముందు వరసలో ముక్కు తుడుచుకుంటున్న పిల్ల ఎవరని అడిగింది. సాయంత్రం బస్సుకు లేచింది.

"ఎట్ల వచ్చినావు చిన్నమ్మా, ఒక్కదానివే?"

"ఎట్ల ఏంది? బోర్డు చూసుకోని ఎక్కినా, ఊరు చూసుకోని దిగినా."

పోయింది. బురద గుంటలు తప్పించుకుంటూ, ముళ్ళకంపకు కొంగు తగలకుండా ఎత్తి పట్టుకుని.

మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఎవరో బోర్డు చదివి చెప్పి ఉంటారు. ఫోటోలో ఆ పిల్ల కొంచెం పెద్దగానే పడింది. కట్టు అంచు చేతికి తగిలి ఉంటుంది.

గోరంత అంచు.

ఆగస్టు 21, గురువారం

పొద్దున్నే సతీష్‌ను లేపి చెప్పాను, ఇది ఒక్కసారికే, చిన్నమ్మ సంగతేందో తేల్చుకోవడానికి పోతున్నానని. ఆయనకేమీ అర్థం కాలేదు. అర్థం కాకుండానే బండి తీశాడు. బండి మీద ఆయన వీపుకు తల ఆనించుకున్నాను, ఊపిరాడక. ఆ వీపు వణుకుతోంది. ఇన్ని రోజులు నేను ఈయనకు భారమని తప్ప, నేను లేకపోతే ఈయనకేమవుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

రోజీ సిస్టర్ బరువు చూసి తిట్టింది. తిడుతూనే నా నుదురు తుడిచింది. గొట్టం తగిలించి, "మెడ కదిలిస్తే ఊరుకోను" అని పోయింది.

పక్క మంచం మీద చిన్నమ్మ ఏమీ ఎరగనట్టు ఫోను బొజ్జ మీద నిలబెట్టుకుంది. 114. నేను చెప్పినట్టు పక్కనుంచి విప్పుకుంటూ వచ్చాం. కుప్ప దిగింది. గళ్ళలో నాలుగు నిండాయి, అందులో రెండు గొడుగులు.

"మూడో గొడుగు యాడుంది బిడ్డా? మసకమసగ్గా ఉంది నాకు."

గొడుగు కుడివైపు పైన ఉంది. ఎర్రగా, పట్టపగలు లాగా కనపడుతోంది.

"కింద, ఎడమ మూలన చిన్నమ్మా" అన్నాను. అక్కడున్నది కప్ప.

ఆమె వేలు ఎక్కడా ఆగకుండా కుడివైపు పైకి పోయి గొడుగును నొక్కింది. టింగు. మూడు గొడుగులూ మాయమైపోయాయి.

వేలు అక్కడే ఉండిపోయింది. నేను పైకప్పు చూశాను. ఆమె ఫోను చూసింది.

"కండ్ల ఆపరేషన్ ఎప్పుడైంది చిన్నమ్మా?"

"రెండేండ్లాయె" అంది.

"మరి నాతో ఎందుకట్ల?"

"ఏం చేద్దునే? పిలిస్తే పలకవు. చూస్తే గోడ వైపు చూస్తావు. ఆ గోడలో నీకేం కనపడిందో ఏమో నాకు బాగలేదనిపించింది. ఏదో ఒక పని చెప్పాల కదా నీకు."

"నన్ను ఎన్నిసార్లు ఓడించినావు? మామిడిపండుకూ నిమ్మకాయకూ తేడా తెలియదని నిన్ను ఎంత తిట్టుకున్నానో."

"నీ చేత తిట్లు తినీ తినీ నాకు బీపీ కూడా వచ్చింది" అంది.

నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఇంకా వచ్చింది. ఆమె కూడా మొదలుపెట్టింది, మంచం ఊగేలాగా. మెడ కదిలి నా మిషన్ కీచుమని అరిచింది, దాని వెనకే ఆమె మిషన్ కూడా. రోజీ సిస్టర్ పరుగెత్తుకుంటూ వచ్చి ఇద్దరినీ చెడామడా తిట్టింది. గొట్టం సరిచేస్తూ నా మొహం చూసి, నేను ఏడుస్తున్నాననుకుని, నొప్పిగా ఉందా అని అడిగింది. లేదు సిస్టర్ అన్నాను. లేదనే చెప్పాను, నిజంగా లేదు.

జహరాబీ చిన్నమ్మా, నువ్వు దీన్ని ఎప్పటికీ చదవవు కాబట్టి రాస్తున్నాను. కన్నతల్లి కూడా ఇంత ఓపికగా నన్ను మోసం చేసి ఉండదు. నీకు నా రెండు చేతులా దండం, గాజులున్నా లేకున్నా.

మిషన్లు ఆపే వేళకు ఆట చివరికొచ్చింది. మూడంటే మూడే బిళ్ళలు, మూడూ సీతాకోకచిలుకలే, మూడూ పైకే ఉన్నాయి. వాటికి ఉపాయం అక్కర్లేదు, మా అంగన్‌వాడీ పిల్లలైనా తీసేస్తారు. చిన్నమ్మ వాటిని ముట్టుకోకుండా ఫోను మూసి దిండు కింద పెట్టింది.

"సోమవారం తీద్దాంలే" అంది.

"సరే చిన్నమ్మా" అన్నాను.